జీవీహెచ్‌డీని ముందే చెప్పే రక్తపరీక్ష: 38వ రోజున చేయించాలా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. ఇరవై ఆరేళ్ల మీ చెల్లెకు ఏఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్. హైదరాబాద్‌లో బోన్‌మారో మార్పిడి అయింది. డోనర్ మీరే, పూర్తి మ్యాచ్. ఈ రోజుకు 38వ రోజు. రక్తకణాల కౌంట్స్ లేచాయి, ఇమ్యూనిటీని అణచి ఉంచే టాక్రోలిమస్ మాత్ర నడుస్తోంది, ఒంటిమీద దద్దుర్లు గానీ విరేచనాలు గానీ లేవు. ఆస్పత్రి దగ్గర రూం తీసుకుని ఉంటున్నారు. ఇంట్లోవాళ్లు జమ్మికుంటకు ఎప్పుడు తీసుకొస్తావని అడుగుతున్నారు. ఈలోగా అమెరికాలో ఉన్న మీ బావ 'ఎస్‌టీ2, రెగ్3 ఆల్ఫా పరీక్షలు చేయిస్తే జీవీహెచ్‌డీ వస్తుందో రాదో ముందే తెలుస్తుంది' అని మెసేజ్ పెట్టారు. జీవీహెచ్‌డీ అంటే డోనర్ కణాలు రోగి ఒంటిమీదే దాడి చేసే జబ్బు. అది చేయించాలా, హనుమకొండలో శాంపిల్ ఇవ్వొచ్చా, ఏ రిపోర్టు చూసి భయపడాలి అని అడిగారు. చివర్లో 'నా కణాలే దానికి హాని చేస్తాయా' అని ఒక మాట రాశారు.

నేను మార్పిడి యూనిట్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు హనుమకొండలో రక్తవ్యాధుల ఓపీ చూస్తున్నాను. మీ చెల్లె ఫైలు నా ముందు లేదు కాబట్టి ఆమె మందుల మోతాదుల జోలికి పోను. మీ బావ చెప్పిన పరీక్ష నిజమైనదే, మంచి పరిశోధన మీద నిలబడ్డదే. అయినా ఇప్పుడు, ఏ లక్షణమూ లేని మనిషికి, దానికోసం తిరగవద్దనే నా సలహా.

ముందు మీ చివరి మాటకే జవాబు చెప్తాను, ఎందుకంటే డోనర్లు ఆ బాధను బయటికి చెప్పరు, లోపలే పెట్టుకుని కుములుతుంటారు. మీ మూలకణాలతో పాటు, పరాయివాటిని పట్టి చంపే మీ టీ-కణాలు కూడా ఆమెలోకి వెళ్లాయి. వాటికి ఆమె చర్మం, పేగు, లివర్ కొత్తగా కనిపిస్తాయి. దాడి చేస్తే అదే జీవీహెచ్‌డీ, అంటే గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ డిసీజ్. తోబుట్టువు పూర్తిగా మ్యాచ్ అయినా, చికిత్స అవసరమయ్యే స్థాయిలో ఇది సుమారు మూడో వంతు నుంచి సగం మంది దాకా వస్తుంది. కానీ మిగిలిపోయిన ల్యుకేమియా కణాలను వెతికి చంపేది కూడా ఆ టీ-కణాలే. ఏఎంఎల్‌కు మార్పిడి చేసేది సగం ఆ లాభం కోసమే. కొద్దిపాటి జీవీహెచ్‌డీ వచ్చినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం కాస్త తక్కువని చాలాకాలంగా తెలుసు. పైగా ఆడ డోనర్ నుంచి మగ రోగికి ఇచ్చినప్పుడు జీవీహెచ్‌డీ ముప్పు పెరుగుతుంది, మీది ఆ జత కాదు. మీరు ఇవ్వాల్సింది ఇచ్చారు, ఇక ఆ ఆలోచన పక్కన పెట్టండి.

ఇప్పుడు ఆ మార్కర్ల సంగతి, అంటే ముప్పును పసిగట్టడానికి రక్తంలో కొలిచే ఆ రెండు ప్రొటీన్ల సంగతి. రెగ్3 ఆల్ఫా మన చిన్నపేగు లోపలి ముడతల అడుగున ఉండే పేనెత్ కణాలు తయారుచేసే ప్రొటీన్. మామూలుగా అది పేగులోనే ఉండి బ్యాక్టీరియాను అదుపు చేస్తుంది. పేగు గోడ దెబ్బతింటే రక్తంలోకి కారుతుంది. చెరువు కట్టకు ఊట మొదలైతే కింది పొలంలో తడి కనిపించినట్టు, పైకి విరేచనాలు మొదలుకాకముందే రక్తంలో దీని జాడ తెలుస్తుంది. ఎస్‌టీ2 ఇంకో రకం. ఐఎల్-33 అనే సంకేతాన్ని అందుకునే రిసెప్టర్‌కు, కణానికి అంటుకోకుండా రక్తంలో తిరిగే రూపం ఒకటి ఉంటుంది, దాన్ని కొలుస్తారు. జీవీహెచ్‌డీ తీవ్రంగా రాబోయేవాళ్లలో, దానికి మొదట ఇచ్చే మందు అయిన స్టెరాయిడ్లకు లొంగనివాళ్లలో ఇది ఎక్కువగా ఉంటుందని 2013లో తేలింది.

న్యూయార్క్ మౌంట్ సైనై కేంద్రంగా మ్యాజిక్ అనే కన్సార్షియం ఉంది, చాలా దేశాల మార్పిడి కేంద్రాలు అందులో సభ్యులు. వాళ్లు 2017లో సుమారు 1,300 మంది రోగుల శాంపిళ్లతో ఈ రెండు ప్రొటీన్లనూ కలిపి ఒక లెక్క తయారుచేశారు. శాంపిల్ తీసింది మార్పిడి అయిన 7వ రోజున, అంటే ఎవరికీ ఏ లక్షణమూ లేనప్పుడు. హై రిస్క్ అని తేలినవాళ్లలో ఆరు నెలల్లోపు, జబ్బు తిరగబెట్టకుండానే ఇతర కారణాలతో చనిపోయినవాళ్లు 28 శాతం. లో రిస్క్ వాళ్లలో 7 శాతం. నాలుగు రెట్ల తేడా, చిన్న విషయం కాదు.

ఇదే అంకెను ఇంటివైపు నుంచి చూడండి. హై రిస్క్ అని రిపోర్టు వచ్చిన వందమందిలో 72 మందికి ఆ ఆపద రాలేదు. లో రిస్క్ అని ఊపిరి పీల్చుకున్నవాళ్లలో ఏడుగురు పోయారు. వందలమందిని గుంపులుగా విడదీయడానికి, కొత్త మందు ఎవరిమీద పరీక్షించాలో తేల్చడానికి ఈ లెక్క చాలా పనికొస్తుంది. మీ చెల్లె ఒక్కతి గురించి 'వస్తుంది, రాదు' అని చెప్పడం దానివల్ల కాదు. మీ బావ మెసేజ్‌లో తప్పిపోయింది ఈ ముక్కే.

ఇంకో చిక్కు ఉంది. ఈ లెక్క బాగా పరీక్షకు నిలిచింది మొదటి రెండు వారాల్లో, లేదా జీవీహెచ్‌డీ మొదలైన రోజున, లేదా చికిత్స మొదలుపెట్టిన కొన్ని వారాలకు. 38వ రోజున, లక్షణాలు లేకుండా తీసిన శాంపిల్‌కు వచ్చే అంకెను దేంతో పోల్చాలి?

పోనీ హై రిస్క్ అనే వచ్చిందనుకుందాం. ఏం చేస్తారు? ఇదే అసలు ప్రశ్న. మార్కర్ ఎక్కువగా ఉన్నవాళ్లకు లక్షణాలు రాకముందే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే మందు ఇచ్చి చూశారు, స్టెరాయిడ్లకు లొంగని జీవీహెచ్‌డీ తగ్గలేదు. ముందుజాగ్రత్త అని స్టెరాయిడ్లు పెంచితే ఇన్ఫెక్షన్లు వస్తాయి, ల్యుకేమియా మీద మీ కణాలు చేసే పనికీ అడ్డు తగులుతుంది. అంటే చేతికి ఒక భయపెట్టే కాగితం వస్తుంది, మందుచీటీ మాత్రం మారదు. ఇంటిల్లిపాదికీ టెన్షన్ మిగులుతుంది.

జీవీహెచ్‌డీ నిజంగా మొదలయ్యాక మార్కర్లకు కొంత విలువ ఉంది. తక్కువ ముప్పు ఉన్నవాళ్లకు స్టెరాయిడ్ బదులు సైరోలిమస్ అనే, ఇమ్యూనిటీని అణచే ఇంకో మందు ఇస్తే స్పందన దాదాపు సమానంగా ఉందని ఒక ట్రయల్‌లో తేలింది, ఆ తక్కువ ముప్పును తేల్చడంలో మార్కర్లను కూడా వాడారు. కాబట్టి మీ యూనిట్ వాళ్లే ఏదైనా స్టడీలో భాగంగా శాంపిల్ అడిగితే హాయిగా ఇవ్వండి. మీ అంతట మీరు తిరిగి చేయించవద్దు.

తిరిగి చేయించేవాళ్లు పడే గోతి ఒకటి చెప్పాలి. ల్యాబ్ లిస్టులో 'ఎస్‌టీ2' అని కనిపిస్తే అది మామూలుగా గుండె బలహీనతకు చేసే పరీక్ష. ప్రొటీన్ ఒకటే, కానీ రిపోర్టులో పక్కన రాసే 35 అనే హద్దు హార్ట్ ఫెయిల్యూర్ రోగులది. మార్పిడి అయినవాళ్లకు ఆ హద్దు వర్తించదు. దాన్ని చూసి 'నార్మల్ కన్నా ఎక్కువుంది' అని ఏడ్చే కుటుంబాన్ని ఓదార్చడం నాకు కొత్తేమీ కాదు.

ఇక నేను నిజంగా మీతో మాట్లాడాలనుకున్న రిపోర్టు టాక్రోలిమస్ లెవల్, అంటే రక్తంలో ఆ మందు ఎంత ఉందన్న కొలత. జీవీహెచ్‌డీ రాకుండా రోజూ కాపాడేది ఆ మందే. లెవల్ తగ్గితే మీ టీ-కణాలకు పగ్గం వదిలినట్టు, పెరిగితే కిడ్నీ దెబ్బతింటుంది, చేతులు వణుకుతాయి, బీపీ, పొటాషియం పెరుగుతాయి, మెగ్నీషియం పడిపోతుంది. మొదటి నెలల్లో చాలా యూనిట్లు 5 నుంచి 15 నానోగ్రాముల మధ్య ఉంచుతాయి. మీ చెల్లెకు పెట్టుకున్న లక్ష్యం ఎంతో మీ డాక్టర్‌నే అడిగి ఫైలు అట్ట మీద రాసుకోండి.

ఈ లెవల్ తప్పుగా రావడానికి కారణం ఎక్కువసార్లు మెషీన్ కాదు, శాంపిల్ తీసిన తీరు. రాత్రి 9 గంటలకు మాత్ర వేసుకుంటే పొద్దున 9 గంటలకు రక్తం ఇచ్చి, ఆ తర్వాతే మాత్ర వేసుకోవాలి. హనుమకొండ చౌరస్తాలోని ఏ కలెక్షన్ సెంటర్‌కు పోయినా 'మాత్ర వేసుకున్నారా' అని అడగాలన్న రూలేమీ లేదు, మీరే గుర్తుపెట్టుకోవాలి. మాత్ర మింగి గంటకు రక్తమిస్తే లెవల్ ఆకాశానికి ఉంటుంది. అది నిజమనుకుని డోసు తగ్గిస్తే, రెండు వారాలకు జీవీహెచ్‌డీ మొదలై చెవుల వెనక ఎర్రబడవచ్చు. వార్డులో ఉన్నప్పుడు టాక్రోలిమస్‌ను ఛాతీ దగ్గరి లైన్ గుండా ఎక్కించి ఉంటే, మందు ఎక్కిన ఆ గొట్టం నుంచి లెవల్‌కు రక్తం తీయకూడదు. మందు గొట్టం గోడలకు అంటుకుని ఉంటుంది, చాలా రోజుల దాకా దొంగ లెవల్ చూపిస్తుంది. చేతి నరం నుంచి తీయమనండి. ఊదారంగు మూత ఉన్న గొట్టంలోనే తీయాలి, ఎందుకంటే ఈ పరీక్ష కణాలతో సహా మొత్తం రక్తంలో చేస్తారు, గడ్డకట్టాక పైన తేలే సీరమ్‌లో కాదు.

మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. టాక్రోలిమస్ శాంపిల్ చల్లగా ఉంచితే ప్రయాణానికి తట్టుకుంటుంది, కాబట్టి హనుమకొండలో ఇచ్చినా ఫర్వాలేదు. కానీ ల్యాబ్ మార్చకండి. ఒక్కో ల్యాబ్ ఒక్కో పద్ధతిలో కొలుస్తుంది, ఒకే రక్తానికి రెండు చోట్ల రెండు అంకెలు వస్తాయి. ఈసారి ఇక్కడ, వచ్చేసారి అక్కడ ఇస్తే లెవల్ పెరిగిందో, ల్యాబ్ మారిందో ఎవరికీ తెలియదు.

లెవల్‌ను తారుమారు చేసేవి ఇంకా ఉన్నాయి. వోరికొనజోల్, పోసకొనజోల్ లాంటి ఫంగస్ మందులు లెవల్‌ను బాగా పెంచుతాయి. అందుకే అవి నడుస్తున్నంత కాలం టాక్రోలిమస్ డోసు తక్కువే ఇస్తారు. ప్రమాదం ఆ ఫంగస్ మందు ఆపిన వారంలో ఉంటుంది. అది ఆపగానే లెవల్ జారిపోతుంది, డోసు పెంచకపోతే జీవీహెచ్‌డీకి తలుపు తీసినట్టే. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ అయితే లెవల్‌ను అమాంతం పడేస్తుంది. విరేచనాలు పట్టుకుంటే లెవల్ పెరగవచ్చు, వినడానికి వింతగా ఉన్నా నిజం. పంపరపనస పండు వద్దే వద్దు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, రిపోర్టు చూడకుండా రోజూ తాగించవద్దు. ఇక తిప్పతీగ కషాయం. ఊరికి పోతే ఎవరో ఒకరు 'ఇమ్యూనిటీ పెరుగుతది' అని గ్లాసుతో వస్తారు. ఆమె ఇమ్యూనిటీని పద్ధతిగా అణచి ఉంచడానికే రోజూ టాక్రోలిమస్ మింగుతోంది. తిప్పతీగతో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. ఆ గ్లాసును మర్యాదగా వెనక్కి పంపండి.

పెద్ద ఖర్చు లేకుండా ముప్పును చూపే లెక్క ఒకటి ఉంది, దాని పేరు ఈజిక్స్. జర్మనీలోని హైడెల్‌బర్గ్ వైద్యుల బృందం 2017లో ప్రచురించింది. ఎల్‌డీహెచ్‌ను (కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) క్రియాటినిన్‌తో (కిడ్నీ పనితీరును చూపే అంకె) గుణించి, ప్లేట్‌లెట్లతో భాగించడమే. రక్తనాళాల లోపలి పొర ఎంత దెబ్బతిన్నదో ఇది సుమారుగా చూపుతుంది. జీవీహెచ్‌డీ వచ్చినవాళ్లలో ఈ అంకె ఎక్కువుంటే ఫలితం బాగుండదని వాళ్లు చూశారు. ఉదాహరణకు ఎల్‌డీహెచ్ 300, క్రియాటినిన్ 1.0, ప్లేట్‌లెట్లు లక్ష అనుకోండి. ప్లేట్‌లెట్లను వేలల్లో 100 అని తీసుకుంటే ఈజిక్స్ 3 వస్తుంది. రెండు వారాల తర్వాత ఎల్‌డీహెచ్ 500, క్రియాటినిన్ 1.6, ప్లేట్‌లెట్లు 40 వేలు అయితే అది 20. ఒక్కో రిపోర్టు విడిగా చూస్తే 'కొంచెం తేడా' అనిపించేది, మూడూ కలిపి చూస్తే పరిస్థితి ఎటు పోతోందో తెలుస్తుంది. ఎల్‌డీహెచ్ ఎక్కుతూ, ప్లేట్‌లెట్లు దిగుతూ, బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ కనిపిస్తే టీఎంఏ అనే ఇంకో సమస్య అనుమానించాలి. సన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే జబ్బు అది, దానికి టాక్రోలిమస్ కూడా ఒక కారణం కావచ్చు. అప్పుడు రక్తపు స్మియర్‌లో, అంటే గాజు పలక మీద పూసిన రక్తపు చుక్కలో, ముక్కలైన ఎర్రకణాల కోసం చూడమంటారు.

ఎల్‌డీహెచ్‌తో ఒక జాగ్రత్త. శాంపిల్ సరిగ్గా తీయకపోయినా, బండి మీద ఎండలో కుదుపులతో పోయినా ఎర్రకణాలు పగిలి ఎల్‌డీహెచ్, పొటాషియం రెండూ ఎక్కువగా వస్తాయి. రిపోర్టు కింద 'హీమోలైజ్డ్ శాంపిల్' అని చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి. ఉంటే కంగారు పడకుండా మళ్లీ తీయించండి. ఇది మాత్రం రక్తం తీసిన చోటే చేసే ల్యాబ్‌లో ఇవ్వడం మంచిది.

సీఎంవీ అనే వైరస్‌ను రక్తంలో వెతికే పీసీఆర్ పరీక్ష గురించి మీకు ఇప్పటికే చెప్పి ఉంటారు. మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు అందరి ఒంట్లో ఆ వైరస్ నిద్రపోతూ ఉంటుంది, అందుకే మొదటి 100 రోజులు వారం వారం చూస్తారు. ఒక్క వారం కూడా మానవద్దు. దీనికీ ఒకే ల్యాబ్.

కామెర్లను చూపే బిలిరుబిన్ 2 దాటితే లివర్ జీవీహెచ్‌డీని లెక్కలోకి తీసుకుంటారు. కానీ ఫంగస్ మందులు, హెపటైటిస్ బీ మళ్లీ లేవడం, ఇన్ఫెక్షన్, ఏవైనా అదే పని చేస్తాయి. ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ, ఫెరిటిన్ ఎక్కువుంటే దాన్ని పట్టుకుని జీవీహెచ్‌డీ అని ఎవరూ చెప్పలేరు. కైమెరిజం అనే పరీక్ష మీ కణాలు ఎంత శాతం నిలిచాయో చెప్పేది, జీవీహెచ్‌డీని చెప్పేది కాదు.

రక్తపరీక్షలన్నీ ఒక ఎత్తు, మీ కళ్లు ఒక ఎత్తు. రోజూ స్నానానికి ముందు మంచి వెలుతురులో అరచేతులు, అరికాళ్లు, చెవుల వెనక, మెడ, బుగ్గలు మీ అమ్మను చూడమనండి. చర్మం జీవీహెచ్‌డీ చాలావరకు అక్కడే మొదలవుతుంది. కొత్త ఎరుపు కనిపిస్తే ఫోటో తీయండి, ఎంత మేర ఉందో చెప్పండి. ఆమె అరచేయి, వేళ్లతో సహా, ఒంట్లో సుమారు ఒక శాతం. 'కొంచెం దద్దు' అనే బదులు 'పది అరచేతులంత' అంటే ఫోన్‌లో ఉన్న డాక్టర్‌కు వెంటనే బొమ్మ కడుతుంది. విరేచనాలు మొదలైతే ఎన్నిసార్లు అన్నదానికన్నా ఎంత అన్నది ముఖ్యం. బాత్రూంలో కొలత గీతలున్న మగ్గు ఒకటి పెట్టి, అర లీటర్ దగ్గర మార్కర్ పెన్నుతో గీత గీయండి. రోజు మొత్తంలో ఆ గీత దాటితే పేగు జీవీహెచ్‌డీ లెక్క మొదలవుతుంది. అయితే సీఎంవీ వల్లా, యాంటీబయాటిక్స్ వల్ల వచ్చే పేగు ఇన్ఫెక్షన్ వల్లా ఇలాగే అవుతుంది, ఒక్కోసారి పేగు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే గానీ తేలదు. కాబట్టి విరేచనాలు ఆపే మాత్ర మెడికల్ షాపులో అడిగి వేయవద్దు.

ముందే పట్టుకోలేకపోయాం అనే భయం మీకు వద్దు. వచ్చాక స్టెరాయిడ్లు సుమారు సగం మందికి బాగా పనిచేస్తాయి. పనిచేయనివాళ్లకు ఇప్పుడు రుక్సోలిటినిబ్ అనే మందు ఉంది. 2020లో వచ్చిన ట్రయల్‌లో 28వ రోజుకు దానితో స్పందన 62 శాతం, అప్పటిదాకా వాడుతున్న ఇతర చికిత్సలతో 39 శాతం. నేను ఈ పనిలో చేరినప్పుడు ఈ మందు లేదు.

జమ్మికుంట ప్రయాణం సంగతి. చాలా యూనిట్లు 100 రోజుల దాకా దగ్గర్లోనే ఉండమంటాయి, మీ యూనిట్ కూడా అదే అంటే వాదించకండి. బావ చెప్పిన పరీక్షకు పెట్టాలనుకున్న డబ్బును రూం అద్దెకు పెట్టండి. ఇంటికి పోవచ్చని వాళ్లు అన్న రోజున కారులో తీసుకుపోండి, కాజీపేట మీదుగా రద్దీ రైలులో కాదు. మీ ఇల్లు పత్తి మార్కెట్ యార్డు దగ్గరైతే సీజన్‌లో ఆ దుమ్ముకు దూరంగా ఇంకో బంధువుల ఇంట్లో ఉంచడం నయం. పాత గోడలు కూలగొట్టే పని ఇంట్లో ఏదైనా ఉంటే ఆపించండి, ఆ దుమ్ములో ఫంగస్ ఉంటుంది. ఎండలోకి నిండు చేతుల బట్టలు, టోపీ లేకుండా పంపవద్దు. ఎండ తగిలిన చర్మం మీద జీవీహెచ్‌డీ రగులుకుంటుంది.

రక్తం గానీ ప్లేట్‌లెట్లు గానీ అవసరమైతే ఇరేడియేషన్ చేసినవే, అంటే రేడియేషన్‌తో అందులోని టీ-కణాలను పనిచేయకుండా చేసినవే, ఎక్కించాలి. చుట్టాలబ్బాయి రక్తం ఇస్తానన్నాడని ఎక్కడపడితే అక్కడ ఎక్కించవద్దు. ఆ రక్తంలోని టీ-కణాలు కూడా జీవీహెచ్‌డీ తెస్తాయి, అది మామూలు దానికన్నా చాలా ప్రమాదం. జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు. ముందు యూనిట్‌కు ఫోన్, వెంటనే దగ్గర్లోని పెద్దాస్పత్రి, వరంగల్ ఎంజీఎం అయినా సరే. ఫైలు మొదటి పేజీలో మార్పిడి తేదీ, డోనర్ వివరం, ఇప్పుడు నడుస్తున్న మందులు, 'ఇరేడియేటెడ్ రక్తం మాత్రమే' అన్న మాట, యూనిట్ ఫోన్ నంబరు పెద్దక్షరాల్లో రాసి పెట్టండి. అర్ధరాత్రి క్యాజువాలిటీలో ఉండే డ్యూటీ డాక్టర్ మొత్తం ఫైలు తిరగేయలేడు.

వచ్చే విజిట్‌లో మీ డాక్టర్‌ను మూడు సంగతులు అడగండి. టాక్రోలిమస్ లక్ష్యం ఎంత, ఫంగస్ మందు ఎప్పుడు ఆపుతారు, ఆపాక లెవల్ ఎన్ని రోజులకు చూడాలి. మూడో దానికి తేదీ రాయించుకుని, అదే తేదీకి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. లెవల్స్, ఎల్‌డీహెచ్, క్రియాటినిన్, ప్లేట్‌లెట్లు, బిలిరుబిన్ తేదీలవారీగా ఒకే కాగితం మీద రాసి ఇక్కడ పెడితే, పేరు, ఆస్పత్రి ఐడీ చెరిపేసి పెట్టండి, నేను చూస్తాను.